బెల్లం మింగిన మువ్వలు

మా వంశంలో వాసన చూడకుండా ఏదీ నోట్లో పెట్టుకునే అలవాటు లేదు. పెళ్ళిలో లడ్డూ వడ్డించినా, గుడిలో ప్రసాదం చేతిలో పెట్టినా ముందు ముక్కు దగ్గరకు పోవాల్సిందే. నా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో నేను కాఫీ గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకోవడం చూసి, తన చేతి కాఫీ నాకు నచ్చలేదనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకు అనుమానం నీ కాఫీ మీద కాదమ్మా, లోకం మీద" అని సర్దిచెప్పాల్సి వచ్చింది. జీవితమంతా బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, విశాఖపట్నంలో లిఫ్టున్న ఇంట్లో ఉంటున్న దాన్ని, ఇప్పటికీ పాల ప్యాకెట్టు నొక్కి చూడందే లోపలికి తీసుకోను. ఇది మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, నాకిచ్చి పోయిన ఆస్తి. అందుకే మొన్న ఆ గిన్నెలోని నీళ్ళ వాసన తగలగానే నాకు అనుమానం పట్టుకుంది.

చోడవరంలో మా అన్నయ్య సన్నిబాబు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టిస్తున్నాడు. ఎనభై దాటాక కొత్త ఇల్లెందుకని అడిగితే కొడుకులు వినడం లేదంటాడు. అటక మీది సామాను దించుతున్న రోజున నేనక్కడే ఉన్నాను. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఒక బిస్కెట్ల డబ్బాలో, గుడ్డలో చుట్టిన రెండు తోలు పట్టీలు దొరికాయి. వాటి నిండా ఇత్తడి మువ్వలు. మా ఎడ్ల మెడలో కట్టిన పట్టీలు. నేను తీసుకుంటానంటే అన్నయ్య కాస్త తటపటాయించి, "తీసుకెల్లు. తోమకు మరి" అన్నాడు. ఎందుకు తోమకూడదో చెప్పలేదు. వద్దన్న పని మానేసే మనిషినైతే మామ్మ మనవరాలిని ఎలా అవుతాను?

ఊపితే నాలుగైదు మువ్వలే మోగాయి. మిగిలిన వాటిలో మట్టి పట్టి ఉంటుందనుకుని, వేడినీళ్ళలో చింతపండు పిసికి, పట్టీలు నానబెట్టాను. సాయంత్రానికి నీళ్ళు నల్లగా తిరిగాయి. ముక్కు పెట్టాను. అది చింతపండు వాసన కాదు. బెల్లం వండేచోట పెనం అంచున మాడిన పాకం వాసన. పట్టీ పైకెత్తితే మువ్వలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి. ఆ మోత నేను ఆఖరుసారి విన్నది పరికిణీలు కట్టుకునే వయసులో. ఆ ఏడాది శివరాత్రి తీర్థంలో మా ఎడ్లు ఎందుకు ఓడిపోయాయో మా వీధి వీధంతా ఏళ్ళ తరబడి చెప్పుకుంది. ఎంతమంది మీదో అనుమానపడింది. ఎవరి నోటా మువ్వల మాట రాలేదు.

ఈ కాలం పిల్లలకి అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. మా వైపు తీర్థమంటే దేవుడి దర్శనం ఒక పూట, ఎడ్ల పరుగు ఒక పూట. పందేనికని ప్రత్యేకంగా చేయించిన బళ్ళు ఎవరికీ ఉండేవి కావు. రోజూ గానుగకి చెరకు, అనకాపల్లికి బెల్లం దిమ్మలు మోసే బండే, పక్కల గెడలు ఊడదీసి, ఇరుసుకి ఆముదం పెట్టి పరుగుకి దించేవారు. ఎవరు ఏ వరసలో పరిగెత్తాలనేది తోలేవాడి వయసును బట్టి కాదు, ఎద్దు పళ్ళను బట్టి. పాలపళ్ళ గిత్తలు ఒక వరస, రెండు పళ్ళు మార్చినవి ఇంకొకటి, ఆ తరువాత నాలుగు, ఆరు, చివరికి నోరు నిండిన ఎడ్లు. అన్నయ్యా, మా ఎడ్లు మైలోడూ, పుల్లోడూ ఆ మెట్లన్నీ కలిసే ఎక్కారు. మీసం రాకముందు మా వీధి వెనక కోసేసిన మళ్ళలో గెలిచాడు. రెండు పళ్ళ వరసలో రోలుగుంటలో గెలిచాడు. ఆ తరువాత వడ్డాదిలో గెలిచాడు. గెలిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు తువ్వాలు నడుముకి బిగించి వచ్చి, పళ్ళు మళ్ళీ చూడాల్సిందే అనేవారు. అరగదీశారనో, ఊడబెరికారనో ఒక మాట. మైలోడి కింది పెదవి లాగి ఊరంతా చూసింది. మా ఎడ్లకి మనుషుల్ని చూడగానే నోరు తెరవడం అలవాటైపోయిందని మా నాన్న నవ్వేవాడు.

అన్నయ్య చేతిలో ముల్లుకర్ర ఉండేది కాదు. అదే అందరికీ పెద్ద అనుమానం. కర్ర లేకుండా ఎద్దు అలా ఎందుకు పరిగెడుతుంది? మువ్వల్లో చిల్లంగి పెట్టించారని, పాడేరు కొండల వైపు నుంచి ఎవరో వచ్చి మంత్రం వేసి వెళ్ళారని చెప్పుకునేవారు. అందులో మంత్రమేమీ లేదు, నేను కళ్ళారా చూశాను. గిత్తలు చిన్నవిగా ఉన్నప్పటి నుంచీ అన్నయ్య సాయంత్రం పూట ఉలవల తొట్టి దూరంగా పెట్టి, మువ్వలు బాగా ఊపి, తరువాత తాడు విప్పేవాడు. రోజురోజుకీ తొట్టి దూరం జరిగేది. కొన్నాళ్ళకి మువ్వలు ఘల్లుమంటే చాలు, ఎదురుగా గోడ ఉన్నా దూకేలా తయారయ్యాయి. అందుకే పందెం మొదలయ్యే క్షణం దాకా పట్టీల్ని తడిగుడ్డలో చుట్టి ఉంచేవారు. జెండా ఊపే ముందు నాన్న గుడ్డ విప్పి ఎడ్ల మెడలకి కట్టి, పక్కకి తప్పుకునేవాడు. మెడల్లో పట్టీలు కదలడమే ఆలస్యం, ఇక వాటికి ముందు ఉలవల తొట్టి తప్ప ఇంకేదీ కనపడేది కాదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దు మామ్మ గొంతుతో తెల్లవారేది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్న ఘాటు, పేడ వాసన, పక్క పాకలోంచి చెరకు పిప్పి పులిసిన వాసన కలిసి ఇల్లంతా పట్టేవి. ఉలవలు దించగానే మామ్మ పిడికెడు తీసుకుని ముందు వాసన చూసేది, తరువాత నమిలి మింగేది. మింగాక గడప మీద కూర్చుని కళ్ళు మూసుకునేది. తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాకే ఎడ్లకి పెట్టనిచ్చేది. "విషమైతే నువ్వు పోవేటే మామ్మా?" అని నేనంటే, "ముసల్దాన్ని, పోతే పోతాను. ఎద్దు పోతే మరి రాదు" అనేది. ఎవరైనా మజ్జిగకని వస్తే వాళ్ళ కొంగు కేసి చూసేది. "మీ ఎడ్లు బాగున్నాయప్పా" అని ఎవరన్నా అంటే, వాళ్ళు వీధి మలుపు తిరగకముందే కాటుక తెచ్చి ఎడ్ల నుదుట పూసేది. మువ్వల పట్టీలు ధాన్యపు గాదెలో ఉండేవి. తాళంచెవి ఆవిడ మొలలో. చివరికి నాన్నని కూడా నమ్మేది కాదు.

నాన్నకి అనుమానాలు ఇంకో రకం. పందేనికి బయలుదేరే ముందు చక్రం జారకుండా బిగించే సీలని కొట్టి చూసేవాడు, కొంత దూరం పోయి మళ్ళీ దిగి చూసేవాడు. ఆయన అనుమానాలన్నిటికీ ఒకటే పేరు, పరదేశి. పరదేశి గారు మా పై వీధి ఆసామి. ఆయన తెల్ల ఎడ్లే మాకు ఎప్పుడూ పోటీ. మనిషి నెమ్మది, ఎదురుపడితే ముందు ఆయనే పలకరించేవాడు. పలకరించినందుకే నాన్నకి రెండు రోజులు నిద్ర పట్టేది కాదు.

ఇంతమంది అనుమానాల మధ్య అమ్మ ఒక్కతే ఎవర్నీ ఏమీ అనేది కాదు. అమ్మ గురించి చెప్పాలంటే బెల్లం పెనం దగ్గర చెప్పాలి. గానుగ ఆడే రోజుల్లో పాకం పదును ఆవిడ చెబితేనే నాన్న పెనం దించేవాడు. చెంబులో చన్నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క వేసి, వేళ్ళతో నలిపి, "ఇంకా లేతగుంది" అనో, "దించీండి" అనో అనేది. ఆ వేళ్ళు ఎప్పుడూ కాలి బొబ్బలెక్కి ఉండేవి. పందేనికి ముందు రోజు మువ్వలు తోమడం కూడా ఆవిడ పనే. మామ్మ గాదె తాళం తీసి పట్టీలు అందించేది, అమ్మ వాటిని గానుగ పాక దగ్గరకి పట్టుకెళ్ళి చింతపండు, బూడిద వేసి తోమి తెచ్చేది. మామ్మకి మొత్తం లోకంలో అనుమానం లేనిది అమ్మ మీదే. కోడలి మీద అత్తకి అనుమానం లేకపోవడమే విచిత్రమని మా వీధి ఆడవాళ్ళు అనుకునేవారు. అమ్మ పెట్టిన కూడు మాత్రం మామ్మ వాసన చూడకుండా తినేది.

వడ్డాది తీర్థంలో మేము గెలిచిన రోజున ఇంకో సంగతి జరిగింది. మలుపు దగ్గర వెనక బండి తోలుతున్న కుర్రాడు నొగల మీంచి జారి చక్రం కింద పడ్డాడు. ఎవరో ముఖం మీద తువ్వాలు కప్పారు. వాడి తల్లి జనాన్ని తోసుకుంటూ పరిగెత్తి వచ్చి, తువ్వాలు తీయనివ్వండి అని అడగడం నేను, అమ్మ దగ్గరగా చూశాం. మా వాళ్ళు ఎడ్ల మెడలో పూలదండలు వేసి ఇంటికొచ్చారు. అమ్మ ఆ పూట తినలేదు. అన్నయ్య కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని నిలబడింది.

"ఇంక సాలు బాబూ. మానీరా" అంది.

"ఇప్పుడు మానీమంటావేటే? నోరు నిండిన వరసకి వచ్చేం. శివరాత్రికి మన ఊర్లోనే తోలతాను. అది గెలిస్తే ఇంక సాలు."

"గెలిస్తే మానరు నాయినా. గెలిచినోడికి ఇంకో పందెం ఉంటాది. ఓడినోడే ఇంటికొస్తాడు."

అన్నయ్య నవ్వేశాడు. నాన్న లోపలి నుంచి, అపశకునం మాటలాడొద్దని కేకలేశాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలాంటి దానికైనా అప్పుడు అనుమానం రావలసింది. రాలేదు.

శివరాత్రి తీర్థంలో పెద్ద వరస పరుగు రోడ్డు మీదే. నాలుగు బళ్ళు పక్కపక్కన. చక్రానికీ చక్రానికీ మధ్య చెయ్యి పట్టదు. డప్పుల మోతకి పక్కవాడి మాట వినపడదు. నేను మామ్మ భుజం పట్టుకుని అరుగు మీద నిలబడ్డాను. నాన్న తడిగుడ్డ విప్పి పట్టీలు కట్టడం చూశాను. జెండా ఊగింది. మిగతా మూడు బళ్ళూ దుమ్ము రేపుకుంటూ పోయాయి. మా మైలోడు, పుల్లోడు మాత్రం పొద్దున్నే పొలానికి పోతున్నట్టు కదిలాయి. అన్నయ్య నొగల మీద నిలబడి అరిచాడు, పగ్గాలు విదిలించాడు. కాస్త పరిగెత్తాయి, మళ్ళీ మెల్లబడ్డాయి. పరదేశి గారి తెల్ల ఎడ్లు గెలిచాయి. మా బండి అందరికంటే వెనక, దుమ్మంతా అణిగాక వచ్చింది. జనం నవ్వారు. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఇక మా ఇల్లు చూడాలి. నాన్న ఎడ్ల గిట్టలు ఎత్తి చూశాడు, నాలుకలు బయటికి లాగి చూశాడు, తాగిన కుండీ నీళ్ళు కుక్కకి పోయించాడు. కుక్క హాయిగా తాగి పడుకుంది. ఇరుసు ఆముదం వేలితో తీసి మామ్మ నాకి చూసింది. బయటి వాళ్ళ మీద అనుమానాలన్నీ అయిపోయాయి. ఇంకా ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. పందెం ముందు అన్నయ్య పరదేశి గారి బండి దగ్గర నిలబడి గోలీసోడా తాగడం చూశామని ఎవరో వచ్చి చెప్పారు.

"తాగేవేట్రా?" అని అడిగాడు నాన్న.

"పిలిచి ఇచ్చేడు. తాగేను."

"అందుకే పగ్గం లాగి పట్టీసేవు."

అన్నయ్య నాన్న ముఖంలోకి చూశాడు. తరువాత అమ్మ వైపు చూశాడు. అమ్మ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "నాను పట్టలేదు. ఎడ్లు పరిగెట్టలేదు, అంతే" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఎవరి పేరూ చెప్పలేదు, ఏ కారణమూ చెప్పలేదు. దాంతో అందరికీ అనుమానం గట్టిపడింది. మామ్మ కూడా మనవడి చేతి నీళ్ళు తాగడం మానేసింది. నాన్న పగ్గాలు మా పొలంలో పనిచేసే పాలికాపుకి ఇచ్చాడు. కన్న కొడుకు ఉండగా మా బండి పాలికాపు తోలాడు. ఎండలు ముదిరేసరికి అన్నయ్య అనకాపల్లికి బెల్లం వేసుకెళ్ళే లారీ మీద క్లీనరుగా పోయాడు. తరువాత డ్రైవరై ముసలివాడయ్యేదాకా లారీ తోలాడు. నాన్న పోయేదాకా అన్నయ్య చేతికి పగ్గం ఇవ్వలేదు. చివరి రోజుల్లో అన్నయ్య ఆయన్ని ఎత్తుకుని మంచం మార్చేవాడు. అప్పుడు కూడా నాన్న, "సోడాలో ఏటి కలిపేడ్రా ఆ పరదేశి?" అని అడిగేవాడు.

గిన్నెలోని నల్లటి నీళ్ళ ముందు నిలబడి ఇవన్నీ తలుచుకున్నాను. గాదె తాళం మామ్మ మొలలో ఉంటే, మువ్వల మీద చెయ్యి పడేది ఎవరిది? మామూలు పాకమైతే ఎండకి కారి తోలంతా జిడ్డయ్యేది. రాయిలా బిగిసే దాకా కాచి, సందులోంచి మువ్వల్లో పోయడం ఎవరికి తెలుసు? చేతిలో పట్టుకున్నప్పుడు నాన్నకి అనుమానం రాకుండా నాలుగైదు మువ్వల్ని వదిలేయాలన్న, డప్పుల మోతలో అవి ఎడ్లకి వినపడవన్న తెలివి ఎవరికి వస్తుంది? మర్నాడే పట్టీలు సంచిలో వేసుకుని చోడవరం బస్సెక్కాను.

అన్నయ్య అద్దె ఇంటి వరండాలో అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తన కోడలికి ఇంకో కంచం పెట్టమని చెప్పాడు. నేను సంచి దించగానే మువ్వలు మోగాయి. తను ముద్ద కలపడం ఆపేశాడు.

"తోమొద్దన్నాను కదే పైడీ."

"అమ్మేనా అన్నయ్యా?"

కోడలు లోపలికి వెళ్ళేదాకా ఆగాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"బండి ఆపీగానే. మైలోడి మెడ నిమిరితే పట్టీ బరువుగుంది. ఒక మువ్వలో వేలెట్టి నాకేను."

"నాకేవా!"

"మరేటి, మామ్మ మనవణ్ణి కానేటి? తియ్యగుంది. అమ్మ సేతి పాకం నాకు తెలీదేటి? ఎవరికీ దొరక్కుండా పట్టీలు దాచీసేను."

"మరి కడిగీసుంటే పోయీది కదా. ఇన్నాళ్ళు డబ్బాలో ఎందుకు దాచేవు?"

"నాను లారీకి ఎల్లిపోయే రోజున అమ్మ కూడెడతా, 'ఆ పట్టీలు ఇలాగియ్యి నాయినా, తోమలేదు' అంది. 'ఉండనీయే అమ్మా, బాగున్నాయి' అన్నాను. సెంబు కింద పెట్టీసి నా తల మీద సెయ్యేసింది. అంతే. మరెప్పుడూ ఆ మాట రాలేదు. అమ్మ సేసింది ఎలా కడుగుతానే?"

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. కోపం అమ్మ మీదో, నాన్న మీదో, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి మీదో తెలియలేదు. అమ్మ తన కొడుకుని చక్రం కింద పడనివ్వకుండా కాపాడుకుంది. కాపాడుకున్న కొడుకుని జన్మంతా దొంగలా చూస్తుంటే నోరు విప్పలేక చూస్తూ ఉండిపోయింది. "నాన్న నిన్ను అనుమానిస్తానే పోయేడు కదా. ఒక్క మాట సెప్తే నీకు పగ్గాలిచ్చీవోడు" అన్నాను. ఎన్నాళ్ళ తరువాతో నా నోటా ఆ యాస వచ్చింది.

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలాడు.

"సెప్తే ఏటవుతాది? మర్నాటి నుంచి మామ్మ అమ్మ వండిన కూడు కూడా రుచి సూసి పెట్టీది. ఎడ్ల ఉలవల్లాగ. నానంటే మగోణ్ణి, లారీ ఎక్కీసేను. అమ్మ ఎక్కడికెల్తాది?"

ఇప్పుడు మా అపార్టుమెంటులో మెట్టు మెట్టుకీ కెమెరా పెట్టారు. చెత్తబుట్ట ఎవరు జరిపారో కూడా తెరమీద చూడొచ్చు. ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేదని మేమంతా ఒప్పుకున్నట్టే, అందుకే ఎవరికీ నొప్పి లేదు. మా పాత ఇంట్లో అంత అనుమానంలోనూ నమ్మకమున్న చోటు ఒక్కటే, అమ్మ పెట్టే కంచం. దాన్ని నిలబెట్టడానికి అన్నయ్య తన పేరే పోగొట్టుకున్నాడు. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "నిజం సెప్పు, అమ్మ పేరు సెప్పి నువ్వే పోసుకోలేదు కదా?" అని అడిగేశాను.

అన్నయ్యకి పొలమారింది. నవ్వి, దగ్గి, నీళ్ళు తాగి, "అచ్చం మామ్మే" అన్నాడు.

కోడలు నా కంచంలో అన్నం, పప్పుచారు వడ్డించి వెళ్ళింది. అలవాటుగా చెయ్యి ముక్కు దాకా వచ్చింది. అన్నయ్య నా వైపే చూస్తున్నాడు. చెయ్యి దించి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. కావాలనే వేసిందా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అయినా కంచం ఖాళీ చేశాను.